ఊఁ కొట్టించిన పచ్చ బటన్

పోయిన వారం మీరు నన్ను వదిలేసి వెళ్ళిన చోటే ఇంకా కూర్చుని ఉన్నాను. కావలిలో మా ఆఫీసు, శనివారం మధ్యాహ్నం, ఎదురుగా పెంచలమ్మ, మా ఇద్దరి మధ్య బల్లమీద ఒక కాగితం. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళను తూర్పు కాలవలోకి వదలడానికి మిట్టపాళెం ఆయకట్టు రైతులందరూ సమ్మతించారని ఆ కాగితం చెబుతోంది. అందులో నలభై మూడో పేరు పెంచలమ్మది. సంతకం లేదు, వేలిముద్ర లేదు. 'నీళ్ళవంతు వెబ్ పేజీ ద్వారా' అని మాత్రం ఉంది. ఆ పేజీ తయారు చేసింది నేను, నవోమిని. ఊళ్ళో ప్రతి ఫోన్‌లో దాన్ని నా చేత్తో తెరిచి చూపించిందీ నేనే. "ఏదో పొరపాటు జరిగుంటుంది, ఉండక్కా చూస్తా" అని నవ్వుతూ ఆమె ఫోన్ తీసుకున్నాను. తెరిచేసరికి నేనెప్పుడూ గీయని పేజీ ఒకటి కనిపించింది.

కనిపించింది అంటే, అచ్చం నాదిలాగే కనిపించింది. పైన చెరువు బొమ్మ నాది. పెద్ద పెద్ద అక్షరాలు నావి. తెరలో సగం ఆక్రమించుకున్న పచ్చ బటన్ నాది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు వరుసలున్నాయి చూడండి, అవి మాత్రం నావి కావు. 'ఉప్పునీటి విసర్జనకు నా పూర్తి సమ్మతి తెలియజేస్తున్నాను' అని మొదలవుతాయవి. వాటికీ కింద, వేలితో రెండుసార్లు పైకి తోస్తే తప్ప కనపడని చోట, బూడిదరంగులో 'కాదు' అని ఒక ముక్క. అది బటనో, అచ్చుతప్పో కూడా తెలియదు. ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్న నాకే తెలియలేదు, ఇక పెంచలమ్మకేం తెలుస్తుంది!

ఆ పచ్చ బటన్ ఎలా పుట్టిందో కొత్తగా చదువుతున్నవాళ్ళకు చెప్పాలి. అది తెలియకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు.

మిట్టపాళెం చెరువు కింద నూట పన్నెండు మంది రైతులు. నీళ్ళు ఎవరి కయ్యకు, అంటే ఏ మడికి, ఎప్పుడు పారించాలో చూసే నీరుగంటి రంగనాయకులు. ముప్పై ఏళ్ళుగా ఆయన గెనిమల మీద, అదే పొలం గట్ల మీద, నడుచుకుంటూ పేరుపెట్టి కేకేసేవాడు. కేక వినగానే "ఊఁ" అనాలి. అనకపోతే మనిషి పొలంలో లేనట్టే, వంతు పక్క కయ్యకు పోతుంది. ఎండాకాలం పంటకు ఒక్క వంతు తప్పితే ఏమవుతుందో ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని అన్నం ముద్ద నోట్లో ఉన్నా సరే, ముందు ఊఁ అంటారు. ఆయన ఏమన్నాడో తర్వాత కనుక్కుంటారు.

నేను మొదట చేసిన పేజీలో మెనూలున్నాయి, తేదీలున్నాయి, టిక్కులు పెట్టే గళ్ళున్నాయి. చాలా బాగుందని నాకు నేనే మురిసిపోయాను. ఊళ్ళో ఒక్కరు వాడితే ఒట్టు! పెంచలమ్మ అయితే ఫోన్‌ను చేతికి ఎంత దూరం అందితే అంత దూరం పట్టుకుని, "ఇది నన్ను పరీక్ష రాయమంటాది పాపా" అని నా చేతిలో పెట్టేసింది. నాట్లేసి నాట్లేసి పగిలిన వేళ్ళు. ఆ వేళ్ళను తెర గుర్తుపట్టేది కాదు. పాపం, వేలి కణుపుతో పొడిచేది. చెరిపాను, మళ్ళీ గీశాను. ఎనిమిది నెలలు గెనిమల మీదే కూర్చున్నాను. ఒకరోజు రంగనాయకులు కేకేయడం, పదిమంది ఆడవాళ్ళు వంచిన నడుము ఎత్తకుండానే ఊఁ అనడం చూసి ఎగిరి గంతేశాను. ఇంతకంటే సులువైనది ఇంకేముంది? ఆయన్ని కూర్చోబెట్టి రెండు రోజులు నూట పన్నెండు పేర్లూ చెప్పించి రికార్డు చేసుకున్నాను. వంతు రాగానే ఫోన్‌లో ఆయన గొంతు పిలుస్తుంది. కణుపుతో పొడిచినా తగిలేంత పచ్చ బటన్ కనిపిస్తుంది. అది నొక్కితే ఊఁ అన్నట్టే. అంతే సంగతి. ఆ తర్వాత ఎవరికీ ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు పెంచలమ్మ ఫోన్ శబ్దం పెంచి, ఆ కొత్త పేజీని ఒకసారి వినిపించాను. అదే రంగనాయకులు గొంతు.

"పెంచలమ్మా, తూర్పు కాలవలో నీళ్ళొదలతన్నారు..."

పెంచలమ్మ చూపు గోడమీద క్యాలెండర్ వైపు ఉంది. "ఊఁ" అంది. మాట పూర్తికాకుండానే ఆమె చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది, వేలు మడిచి కణుపుతో బటన్ మీద పొడిచింది. ఆ తర్వాత గానీ నా ముఖం వైపు చూడలేదు.



"ఏం రాసుందో చూసినావా అక్కా?"

"నాకు చదువొచ్చునా పాపా? రంగన్న పిలిచినాడు, నొక్కినా. పచ్చది నొక్కమని నువ్వే గదా చెప్పింది?"

తిట్టినా బాగుండేది. ఆమె ఆ మాట నిష్ఠూరంగా కూడా అనలేదు, తెలియక అడిగినట్టే అడిగింది. నేను ఏం చెప్పను? నిజమే, నేనే చెప్పాను. "కింద ఉన్న రాతలతో నీకు పని లేదక్కా, పచ్చది నొక్కు చాలు" అని మూడు వందలసార్లు చెప్పి ఉంటాను.

"ఆ ఉప్పునీళ్ళు కాలవలో పడితే నా కయ్య ఏమవతాది?" అని అడిగింది పెంచలమ్మ. జవాబు నాకంటే ఆమెకే బాగా తెలుసు. "పక్క ఊళ్ళో చూసినావు గదా. నేల తెల్లగా పొక్కిపోయుండాది. గడ్డి కూడా మొలవలా. మా ఆయన పోయినాక ఎకరం ఇరవై సెంట్లు ఒక్కదాన్నే నిలబెట్టుకోనుండా పాపా. నాకు ఇంకేం లేదు."

"ఏం కాదక్కా. మా సుశీలన్న వస్తాడు. ఆయనకు తెలీకుండా ఎవరో చేసినారు ఇది" అన్నాను.

ఎంత పిచ్చిదాన్నో చూడండి.

సుశీల్ కుమార్ నాకు ఏమవుతాడని అడిగితే నేను ఒక్క ముక్కలో చెప్పలేను. తోడబుట్టిన అన్న లేడు నాకు. చర్చిలో యువజనుల కూటానికి ఆయన పెద్ద. పదిహేడేళ్ళ వయసులో నన్ను మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆయనే. నాలుగేళ్ళ కిందట ఇద్దరం కలిసి ఈ ఆఫీసు తెరిచాం. గీసేది నేను, నలుగురితో మాట్లాడి పని తెచ్చేది ఆయన. "మనిషి తప్పు నొక్కితే అది మనిషి తప్పు కాదు నవోమీ, మన పేజీ తప్పు" అని నాకు నేర్పింది ఆయనే. ఆ మాటను నేను బైబిలు వాక్యంలా నెత్తిన పెట్టుకున్నాను.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. చేతిలో బిర్యానీ పొట్లాలతో లోపలికొచ్చాడు. పెంచలమ్మను చూశాడు, బల్లమీద కాగితం చూశాడు, నా చేతిలో ఫోన్ చూశాడు. పొట్లాలు కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయాడు. ఆ నిలబడడంలోనే నాకు సగం అర్థమైపోయింది. అయినా మనసు ఒప్పుకోదు కదా!

"అన్నా, ఈ పేజీ ఎవరు పెట్టినారు?"

"అమ్మను కాసేపు బయట కూర్చోమను. మాట్లాడుకుందాం."

"ఆమె కయ్య గురించి ఆమె లేకుండా ఏం మాట్లాడతావు? ఇక్కడే చెప్పు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. "రొయ్యల కంపెనీవాళ్ళు రైతుల అభిప్రాయం కావాలన్నారు. మన పేజీ ఊరందరి దగ్గరా ఉండాది. అడిగినాం. వాళ్ళు నొక్కినారు. ఇందులో మోసం ఏముంది?"

"అడిగినారా? దీన్ని అడగడం అంటారా? 'కాదు' యాడ పెట్టినావు చూపించు. నువ్వే వెతుకు. తీసుకో ఫోను!"

తీసుకోలేదు.

"పచ్చది సగం తెర. 'కాదు' నూకగింజంత. ఏదీ, ఇప్పుడు చెప్పు, తప్పు మనిషిదా, పేజీదా?"

"నువ్వు అరవొద్దు నవోమీ."

"అరుస్తాను! కింద ఎరువుల కొట్టుదాకా వినపడనీ. పద్నాలుగేళ్ళు నిన్ను అన్నా అన్నా అంటూ నీ వెనకాలే తిరిగినాను. పేజీ గీసింది ఎవరు? ఈ చిన్న అక్షరాలు, ఈ బూడిదరంగు, ఇంత నేర్పుగా ఎవరు చేసి ఇచ్చినారు నీకు?"

ఆయన జేబులోంచి తన ఫోన్ తీసి, ఏదో తెరిచి, బల్లమీద నావైపు తోశాడు. కంపెనీవాళ్ళకు చూపించిన స్లైడ్లు. మొదటిదాంట్లో మిట్టపాళెం ఫొటో. రెండోదాంట్లో రైతుల లెక్క. మూడోది తెరవగానే నా చేతిరాత కనిపించింది.

నా నోటుపుస్తకం. గెనిమల మీద కూర్చుని ఎవరు ఏది ఎలా నొక్కుతున్నారో రాసుకున్న నీలం అట్ట పుస్తకం. బురద మరకతో సహా ఆ పేజీని ఫొటో తీసి పెట్టాడు. అందులో నేను ఎర్ర ఇంకుతో కింద గీత గీసుకున్న వాక్యం ఉంది: 'నీరుగంటి గొంతు వింటే వీళ్ళు ఏమీ చదవకుండానే ఊఁ అంటారు.'

ఆ రోజు ఆ మాట రాసినప్పుడు నాకెంత సంతోషమో! వాళ్ళమీద ప్రేమతో రాశానండీ. నూట పన్నెండు మంది పని సులువవుతుందని రాశాను. దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ గొంతు కోయడానికి కత్తిలా అమ్మాడు. ఎవరికీ తెలియని ఆ రైతుల బలహీనత రొయ్యల కంపెనీకి తెలిసిందంటే నా ఎర్రగీత వల్లే తెలిసింది.

"నేనేం కొత్తగా చెయ్యలా. నువ్వు కనిపెట్టిందే వాడుకున్నా" అన్నాడు సుశీలన్న. ఆ మాట అనేటప్పుడు నా కళ్ళలోకి చూడలేకపోయాడు, అదొక్కటే ఆయనలో మిగిలిన మంచితనం. "ఆఫీసు నిలబడాలి గదా నవోమీ. మనకు ఇంకో పని చేతిలో లేదు. నువ్వు బొమ్మలు గీసుకుంటా కూర్చుంటావు, తలుపు తెరిచి ఉంచే బాధ నాది."

"నన్ను అడిగుండొచ్చు గదా?"

"అడిగితే ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలుసు గనకే నా పుస్తకం దొంగతనంగా తీసినావు."

 ఏడుపు తన్నుకొస్తోంది. పెంచలమ్మ ముందు ఏడవకూడదని పళ్ళు బిగబట్టాను. ఏడవాల్సినవాళ్ళంటూ ఉంటే అది ఆమె, నేను కాదు.

"సరే. జరిగింది జరిగింది. ఇప్పుడు ఆ సమ్మతులన్నీ తీసెయ్యి. ఈ నిమిషమే."

"నా చేతిలో లేదు. కంపెనీకి ఇచ్చేసినాం, వాళ్ళు నెల్లూరులో గవర్నమెంటు ఆఫీసులో దాఖలు చేసేసినారు. వద్దనుకున్నోళ్ళు సోమవారం సాయంత్రం ఐదులోపు స్వయంగా పోయి రాసివ్వాల."

"ఏం రాసివ్వాల?"

సొరుగు తీసి ఒక కాగితాల కట్ట ఇచ్చాడు. పద్నాలుగు పేజీలు. మొత్తం ఇంగ్లీషు. సర్వే నంబర్లు, కాలవ మట్టాలు, నేల పరీక్ష నివేదిక, ఇద్దరు సాక్షులు. ఊఁ అనడానికి ఒక్క బటన్ చాలింది. ఊహూఁ అనడానికి పద్నాలుగు పేజీలు! నాకు ఒళ్ళంతా మండిపోయింది. సులువుగా చెయ్యడం అంటే ఏమిటో పెద్ద పండితురాలిలా ఊరూరా క్లాసులు చెప్పినదాన్ని. ఏది సులువు చేస్తున్నామో, దేన్ని కష్టంగా ఉంచేశామో చూసుకోవాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

సుశీలన్న వచ్చినప్పటినుంచీ మా ఇద్దరి మాటలూ వింటూ కూర్చున్న పెంచలమ్మ అప్పుడు అంది.

"పాపా, నాకొకటి తోస్తుండాది. ఆ మాట రంగన్నది కాదు. రంగన్న మమ్మల్ని ఉప్పునీళ్ళలోకి తొయ్యడు. ముప్పై ఏళ్ళు మా పైర్లకు నీళ్ళు తాపించిన మనిషి. వీళ్ళే ఆయన మాటలు ఆడొక ముక్క ఈడొక ముక్క కోసి అతికించినారు. కాదా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అవును కదా! ఈ రోజుల్లో ఒక గొంతును కంప్యూటర్‌తో ఎన్ని మాటలైనా పలికించవచ్చు. ఆయన చెప్పని మాటలు ఆయన చెప్పినట్టు వినిపించారని తేలితే ఒక్క పెంచలమ్మది కాదు, నూట పన్నెండు సమ్మతులూ కొట్టుకుపోతాయి. ఫారాలూ వద్దు, సాక్షులూ వద్దు. సోమవారం రంగనాయకులు మామ నెల్లూరు ఆఫీసులో నిలబడి "ఈ మాటలు నేను చెప్పలేదు" అంటే చాలు.

"అక్కా, నీ తెలివికి దండం" అని ఫోన్ తీశాను.

"నవోమీ, వద్దు. ఫోన్ చెయ్యొద్దు" అన్నాడు సుశీలన్న. కుర్చీలోంచి లేచాడు కూడా.

"భయమేస్తుందా?"

"నాకోసం కాదు. నీకోసం చెప్తున్నా. చెయ్యొద్దు."

ఆయన మాట ఇంకా వింటానా నేను? పెంచలమ్మకు కూడా వినపడాలని స్పీకర్ పెట్టి నంబరు నొక్కాను. మూడోసారి మోగగానే ఎత్తాడు.

"మామా, నేను నవోమిని. మా ఆఫీసోళ్ళు మీ గొంతు పెట్టి ఊరందరినీ మోసం చేసినారు. తూర్పు కాలవలో నీళ్ళొదలతన్నారు, పచ్చది నొక్కు అని మీరు చెప్పినట్టే కంప్యూటర్‌తో కల్పించినారు. సోమవారం మీరు నెల్లూరొచ్చి, అది మీ గొంతు కాదని..."

"నా గొంతేనమ్మా" అన్నాడు రంగనాయకులు.

"ఏంది మామా?"

"ఎవరూ కల్పించలా. నేనే కూర్చోని చెప్పినా. రెండు రోజులు పట్టింది, నూట పన్నెండు పేర్లు గదా. నువ్వు చెప్పించుకున్నప్పుడు గూడా అంతే పట్టింది."

"మిమ్మల్ని మభ్యపెట్టినారు మామా. అవి ఉప్పునీళ్ళని మీకు చెప్పుండరు."

"చెప్పినారు. తెలిసే చెప్పినా."

 పెంచలమ్మ బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"నీ పేజీ రాకముందు నేను గెనిమ మీద నడస్తా ఉంటే ఊరంతా రంగన్నా రంగన్నా అనేది తల్లీ. కోతలప్పుడు కళ్ళం కాడ నాకొక గంప వడ్లు కొలిచినాకే మిగతావి ఇంటికి తోలుకునేవోళ్ళు. నువ్వొచ్చినావు. మంచినీళ్ళిచ్చి, పెద్దమనిషిలాగా కుర్చీ వేసి, నా గొంతు తీసుకున్నావు. నేనూ మురిసిపోయినా. ఆ తర్వాత ఒక్కసారైనా నాకు ఫోన్ చేసినావా? ఫోను పిలస్తా ఉండాది, ఎవరి కయ్యకు వాళ్ళే మడవ తీసి నీళ్ళు పెట్టుకుంటుండారు. ఇంక నేనెందుకు? మొన్న కోతలకు గంప పట్టుకోని పోతే, 'నువ్వెందుకొచ్చినావు రంగన్నా, ఇప్పుడు ఫోనే గదా పిలిచేది' అన్నారు. గంప ఖాళీగా ఇంటికి తెచ్చుకున్నా. ఆ మాట ముందుగా అన్నదెవరో తెలుసునా నీకు?"

నాకు తెలియదు. మిట్టపాళెంలో ఎవరి వేలు ఎంత వంకరగా వంగుతుందో కూడా రాసుకున్నదాన్ని, రంగనాయకులు మామ ఇప్పుడేం తింటున్నాడని ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఎనిమిది నెలల నా పుస్తకంలో ఆయన పేరు ముప్పై చోట్ల ఉంటుంది. అన్ని చోట్లా గొంతు గురించే.

పెంచలమ్మ బల్ల అంచు వదిలేసింది.

"నేనే అన్నా పాపా" అంది మెల్లగా. "ఆయన ముందర, అందరూ వినేటట్టు నేనే అన్నా."

ఆ మాట ఫోన్‌లోంచి అటు వినపడిందని నాకు తెలుసు.  ఏదో ఒకటి అనాలి, క్షమించమని అడగాలి, ఆమె ఎకరం ఇరవై సెంట్ల గురించి బతిమాలాలి. మాటలు కూడదీసుకుని "మామా, సోమవారం ఒక్కరోజు..." అనబోయాను.

"నెల్లూరికి వస్తుండా లే" అన్నాడు రంగనాయకులు. "ఆ మాటలు నావేనని ఆఫీసరు ముందర చెప్పేదానికి. కంపెనీవాళ్ళు కారు పంపిస్తుండారు."